ఇల్లును దాని ప్రతిరూపమును

గత వేసవిలో మా తాతగారి యిల్లు పడగొట్టిరి. కోనసీమలో నొక చిన్న యగ్రహారమునందలి మండువా లోగిలి యది, నూఱేండ్లకు పైబడినది. వారసులము పదునొకండ్రము. అందు సగముమంది హైదరాబాదు, బెంగుళూరులలో నున్నారు. కొందఱు అమెరికాలో స్థిరపడిరి. పెంకు తిరుగవేయించు దిక్కు లేదు. దూలములకు చెదలు పట్టినది. అమ్మివేయుటయే యుచితమని యందఱును తలచిరి. నేనును సంతకము చేసితిని. కావున ఆ యిల్లు పోయినందుకు వగచు హక్కు నాకు లేదు. నేనిప్పుడు విచారింపబోవునది ఆ యిల్లు పోయిన తరువాత మాకు మిగిలిన దానిని గూర్చి.

ఇల్లు కూల్చుటకు నాలుగు దినములు ముందు మా మేనల్లుడు హైదరాబాదునుండి యొక యంత్రమును దెచ్చెను. కట్టడములను స్కానింగు చేసి కంప్యూటరులో వానికి ప్రతిరూపములను కల్పించుట యతని యుద్యోగము. స్కానింగు అను మాట మన యిండ్లలో వైద్యశాలల మూలమున పరిచితమే గాని, ఇంటికి స్కానింగు తీయుట యేమని మా యూరివారు వింతగా జూచిరి. మూడుకాళ్ల స్టాండుపై నిలిపిన యా యంత్రము తన చుట్టు తాను తిరుగుచు, నలుదెసలకును కంటి కగపడని వెలుగు నంపును. ఆ వెలుగు గోడకు దగిలి మరలి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి గోడ యెంతదూరమున నున్నదో లెక్కవేయును. వెలుగు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సెకనులో నూఱుకోట్లవ వంతు కాలమున అది పోవు దూరము 30 సెంటీమీటర్లు. అట్టి యల్పకాలమును గూడ భాగించి చూడగలిగినందుననే యీ యంత్రము గోడల యెడమును కొన్ని మిల్లీమీటర్ల తేడాతో చెప్పగలుగుచున్నది. వెలుగు తాకిన ప్రతిచోటును ఒక బిందువుగా గుఱుతు పెట్టుకొనును. ఇట్టి బిందువులు కోట్లకొలది కూడి, చూచువారికి ఇల్లుగా గన్పట్టును. ఒకచోట నిలిపిన యంత్రమునకు ఒకవైపే కనబడును గనుక, అతడు దానిని వీధియరుగు మీదను, సావిడిలోను, మండువా నాలుగు మూలలందును, పెరటిపంచలోను మార్చి మార్చి నిలిపి, ఆ వేర్వేఱు చూపులను తరువాత నొక్కటిగా నతికెను. 2020 మొదలు కొన్ని చేతిఫోనులలోను ఇట్టి యమరిక వచ్చినదట. కాని యంత్రపు కొలత యంత టికాణా యైనది కాదని యతని మాట.

ఇంతవరకు నిది కొలత. ఇటుపై కృత్రిమ మేధ ప్రవేశించును. యంత్రపు చూపు పడనిచోట, అనగా బీరువా వెనుక, మంచము క్రింద, అటకమీద, బిందువులుండవు. ప్రతిరూపమునందు అచ్చట చిల్లులు పడును. ఈ చిల్లులను పూడ్చుటకు పూర్వము మనుష్యులు దినములకొలది కూర్చుండెడివారు. వేలకొలది కట్టడములను జూపి నేర్పిన కృత్రిమ మేధ యిప్పుడు, ఇట్టిచోట సాధారణముగా నేమి యుండునో యూహించి, క్షణములలో పూడ్చివేయుచున్నది. గోడ ప్రక్కన గోడ, నేల ప్రక్కన నేల, వెల్లకు తగిన వెల్ల. అతుకు ఎక్కడ పడినదో చూచువారికి తెలియదు. తెలియకుండుటయే దాని నేర్పుగా ఎన్నబడుచున్నది.

ప్రతిరూపము సిద్ధమైన నాడు మా యింట పండుగయే. డల్లాసులో నున్న మా యన్నగారి కుమార్తె, కన్నులకు తగిలించుకొను పెట్టెవంటి యద్దములతో, తానెన్నడు చూడని ముత్తాతగారి మండువాలో నిలువబడి, వాననీరు ఎటు పోయెడిదని యడిగినది. స్తంభముపై మా చిన్నతనపు ఎత్తులను గుఱుతు పెట్టిన కత్తిగాట్లు కూడ నందు గలవు. నేను వానిని వ్రేలితో తడవబోయి, తెరను తాకి, సిగ్గుపడితిని.

తరువాత రెండు తప్పులు కనబడినవి. మొదటిదానిని చూచి నవ్వుకొంటిమి. సావిడిగోడకు నిలువుటద్ద మొకటి యుండెడిది. యంత్రపు వెలుగు అద్దమునకు దగిలి, మరలి, ఎదుటిగోడను దాకి, వచ్చిన దారినే వెనుకకు వచ్చెను. అద్దమను సంగతి యంత్ర మెఱుగదు. వెలుగు తిన్నగా పోయినదనియే దాని నమ్మకము. అందుచేత సావిడిగోడ కావల, నిజముగా సందు ఉన్నచోట, మఱియొక సావిడి మొలిచెను. ఇట్టి మాయగదులను చేతితో తుడిచివేయుట ఆ వృత్తివారికి అలవాటే. ఈమాఱు తుడువక మఱచిరి. కృత్రిమ మేధ దానిని నిజమైన గదియే యనుకొని, దానికి గూడ చక్కని నేలను, చూరును సమకూర్చిపెట్టెను.

రెండవది చూచి నేనొక్కడనే నిలిచిపోతిని. వంటయింటి వెనుక, నూతివైపు, ఒక గది యుండవలెను. అది లేదు. అచ్చట నున్నని తెల్లగోడ యున్నది.

ఆ గది తలుపునకు తాళము వేసియున్నది. తాళపుచెవి పాలివారిలో నొకరియొద్ద నుండెను. వారు సమయమునకు రాలేదు. పంచలో ఆ తలుపు కడ్డముగా విఱిగిన మంచము, వడ్లగోతాములు పడియుండుటచే, అది తలుపనియే మా మేనల్లునికి తోచలేదు. అతని తప్పు లేదు. అతడు పుట్టక పూర్వమే ఆ గదిలోని మనిషి గతించెను.

ఆ గదిలో మా తాతగారి చెల్లెలు అఱువదియైదేండ్లు కాపురముండెను. కాపురముండెననుట తప్పు, ఉంచబడెను. ఆమెకు ఎనిమిదవయేట వివాహము, పదియవయేట వైధవ్యము. అది 1926వ సంవత్సరము. బాల్యవివాహ నిషేధ శాసనము వచ్చుటకు ఇంక మూడేండ్లున్నవి. వితంతు వివాహమును చట్ట మంగీకరించి డెబ్బదియేండ్లయినది. వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహమును జరిపించి నలుబదియైదేండ్లయినది. రాజమహేంద్రవరమునకును మా యూరికిని నడుమ నున్నది గోదావరియు, ఒకనాటి ప్రయాణమును మాత్రమే. అయినను ఆ గాలి రేవు దాటి మా గడప త్రొక్కలేదు. మా ముత్తాతగారు కూతునకు చేసినదెల్ల వంటయింటి వెనుక నొక గది కట్టించుట. నాకు ఊహ తెలియునప్పటికి ఆమె ముదుసలి. పెండ్లిండ్లనాడు ఆ తలుపు మూసెడివారు. ప్రయాణమునకు బయలుదేరిన తాతగారు, ఆమె యెదురుపడినందున వెనుకకు వచ్చి, కాళ్లు కడిగికొని, మంచినీళ్లు త్రాగి కూర్చుండుట నా కన్నులార చూచితిని. మా పిల్లలకందఱకు ఆమె మామ్మ. ఆమె చేతి సున్నియుండలు తిని పెరిగితిమి. 1991లో ఆమె కాలము చేసిన తరువాత, ఆ గది యిత్తడిసామాను దాచు కొట్టయినది.

ప్రతిరూపమునందలి యింటికి ఈ గది లేదు. కావున అది మా యసలు యింటికంటె మంచి యిల్లు. ఈ మాట నేను వేళాకోళమునకు వ్రాయుటలేదు. ఆ తెల్లగోడను చూచి మొదట నా మనస్సునకు కలిగినది విచారము కాదు. ఒక విధమైన తేలిక.

అందువలననే యీ ప్రశ్న నాకు పుట్టినది: ఇచ్చట అసత్యమాడినది ఎవరు? యంత్రము కాదు; మోసగించు నుద్దేశము దానికి లేదు. మా మేనల్లుడు కాడు. చూచి సంతోషించిన మా బంధువులు కారు. ఎవ్వరును ఆడని యసత్యము ఒకటి మా యింటిలో వెలసి, మా పిల్లలకు పరంపరగా సంక్రమించుటకు సిద్ధముగా నున్నది. కర్త లేని యసత్యమునకు బాధ్యత యెవరిది?

దీనిని విచారించుటకు మన శాస్త్రకారుల ప్రమాణవిచారము మిక్కిలి యుపకరించునని తోచుచున్నది. వెలుగు తాకి గుఱుతు పెట్టిన బిందువు ప్రత్యక్షము వంటిది. కృత్రిమ మేధ పూడ్చినది దానికంటె వేఱు. దానిని అనుమానప్రమాణ మందమా యనగా, అనుమానమునకు వ్యాప్తి కావలెను. పొగయున్నచో నిప్పు తప్పక యుండునన్నట్లు, విడదీయరాని సంబంధము కావలెను. పెక్కిండ్లలో వంటయింటి వెనుక ఘనమైన గోడ యున్నది గనుక ఈ యింటను గోడయే యనుట వ్యాప్తి కాదు, సంభావన మాత్రమే. సంభావన చెడ్డది కాదు. దానితోడనే లోకవ్యవహారము సగము జరుగుచున్నది. కాని సంభావన ప్రత్యక్షపు వేషము వేసికొని, దానితో నొకే పంక్తిని కూర్చుండినప్పుడు చిక్కు వచ్చును.

భాట్ట మీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి యని యింకొక ప్రమాణము నంగీకరించిరి. దీపమున్న గదిలో నేలమీద కుండ కనబడకున్నచో, కుండ లేదని తెలిసికొందుము. అయితే వారొక కట్టుబాటు పెట్టిరి: ఉన్నయెడల కనబడదగిన వస్తువు కనబడనప్పుడే లేదనవలెను. చీకటిగదిలో కుండ కనబడలేదన్నంత మాత్రమున కుండ లేదని చెప్పరాదు. యంత్రమునకు ఈ వివేకము లేదు. చూడగా కనబడనిదియు, చూడనందున కనబడనిదియు దానికి నొక్కటియే చిల్లు. రెంటిని నొక్కటే సున్నముతో పూసివేయును.

వినోదమేమనగా, ఆ గది యుండెననుటకు సాక్ష్యము ఆ ప్రతిరూపమునందే యున్నది. వంటయింటి లోపలినుండి తీసిన కొలత నిజమైనది. పెరటిపంచనుండి తీసిన కొలతయు నిజమైనదే. ఈ రెంటికి నడుమ మిగిలినది ఆఱడుగుల నాలుగంగుళములు. అంతయు గోడయని యంత్రము నింపివేసినది. పెంకుటింటికి ఆఱడుగుల మందముగల గోడ యెవరు కట్టుదురు? అదేమి కొండవీటికోటయా? పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నచో రాత్రి భుజించుచున్నాడని కల్పించుకొనవలసినట్లు, ఈ మందమును చూచినవాడు అచ్చట నొక గది కలదని కల్పించుకొనక తప్పదు. దీనినే అర్థాపత్తి యందురు. చిల్లును చిల్లుగనే విడిచియున్నచో, చూచినవాడెవడైన "ఇదేమి?" యని యడిగియుండును. పూడ్చుటచేత పోయినది గది మాత్రమే కాదు; గదిని గూర్చిన ప్రశ్న కూడ పోయినది.

ఒక మారుమూల పెంకుటింటిని గూర్చి యింత వ్యాకరణ మెందులకని చదువరులు తలపవచ్చును. అందుచేత లోకప్రసిద్ధమైన యొక యుదాహరణము చెప్పెదను. పారిసు నగరమునందలి నోత్రదామ్ దేవాలయమును ఆండ్రూ టాలన్ అను అమెరికా దేశపు కళాచరిత్రకారుడు 2010లో ఇట్టి లేజరు యంత్రముతో కొలిచెను. ఏబదికి పైబడిన చోట్ల యంత్రమును నిలిపి, నూఱుకోట్లకు మించిన బిందువులను సేకరించెను. ఆయన 2018లో మరణించెను. 2019 ఏప్రిలు 15వ తేదీన ఆ దేవాలయమునకు నిప్పంటుకొని, ఓకుమ్రాకుల దూలములతో "అడవి" యని పేరొందిన పైకప్పు కాలిపోయెను. పందొమ్మిదవ శతాబ్దమునాటి శిఖరము కూలెను. ఆయన తీసిన కొలతలును, ఆ కప్పును 2014లో ఇద్దఱు వాస్తుశిల్పులు కఱ్ఱకఱ్ఱకు కొలిచి గీసిన పటములును పునర్నిర్మాణమున కుపకరించినవి. వడ్రంగులు గొడ్డళ్లతో దూలములను చెక్కి, పూర్వపు పద్ధతినే కప్పు నిలిపిరి. 2024 డిసెంబరులో దేవాలయము మరల తెఱవబడెను.

ఇది యందఱు నెఱిగిన కథయే. నన్నాకర్షించినది దీనిలోని మఱియొక చిన్న విషయము. టాలన్ గారి కొలతలలో పడమటివైపునందలి స్తంభములు ఒకే వరుసలో లేవని తేలినది. శిల్పులు అచ్చట నంతకుముందున్న కట్టడములను పూర్తిగా తొలగింపక, వాని చుట్టునే పని సాగించినందున ఈ వంకర వచ్చెనని ఆయన యూహించెను. చూడుడు: ఎనిమిదివందల యేండ్లనాటి పనివారి యిబ్బంది, వారి సర్దుబాటు, ఆ వంకరలో నిలిచియున్నది. ఒకవేళ ఆ మూలకు యంత్రపు చూపు పడక, చిల్లు మిగిలి, దానిని కృత్రిమ మేధ పూడ్చియున్నచో నేమగును? స్తంభములు తిన్నగా నిలుచును. దేవాలయములందు స్తంభములు సాధారణముగా తిన్ననివే గదా! చరిత్ర యెల్ల వంకరలయందుండును. సాధారణమైన దానికి చరిత్ర లేదు.

ఆ శిఖరమును పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన వియొలె లె ద్యూక్ అను శిల్పి, పునరుద్ధరణమనగా కట్టడమునకు ఏ కాలమునందును ఉండియుండని సంపూర్ణస్థితిని కల్పించుటయు కావచ్చునని నిర్భయముగా చెప్పినవాడు. ఇంగ్లండున రస్కిన్ దీనిని మహాపరాధమని యెంచెను. ఇద్దఱును ప్రతిభావంతులే, నా మనస్సు చిన్ననాడు రస్కిన్ వైపునను, పెద్దయైన తరువాత కొంత యటునిటును ఊగులాడినది. చివరకు 1964లో వెనిస్ నగరమున కూడిన నిపుణులు, ఊహ మొదలైనచోట పునరుద్ధరణము నిలిచిపోవలెనని తీర్మానించిరి. కంప్యూటరు ప్రతిరూపముల విషయమై గూడ, ఏది సాక్ష్యమో ఏది యూహయో చూచువారికి తెలియునట్లు చేయవలెనని లండన్ చార్టర్ అను నియమావళి 2009 నాటికే చెప్పుచున్నది. నియమములున్నవి. కాని నియమమును మ్యూజియములవా రెఱుగుదురు. తాతగారి యిల్లు పోవుచున్నదని యాదివారమునాడు ఫోనుతో స్కానింగు తీసికొను గృహస్థులకు దానిని చెప్పువారెవరు?

సంస్కృతము చదివినవారికి ఈ నియమము క్రొత్తది కాదు. తాళపత్రమునకు చెదలు పట్టి నాలుగక్షరములు పోయినచో, నమ్మకమైన లేఖకుడు అంతమేర చోటు విడిచి, గ్రంథపాతమని గుఱుతు పెట్టెడివాడు. తాను చూచినట్లే వ్రాసితినని చివర విన్నవించుకొనెడివాడు. కవిత్వపు తీట గల లేఖకుడు మాత్రము ఆ నాలుగక్షరములు తానే కల్పించెడివాడు. ఛందస్సు చెడదు, అర్థము పొసగును, అతుకు కనబడదు. రెండుమూడు తరములు గడచునప్పటికి ఆ యక్షరములకు వ్యాఖ్యానములు పుట్టును. ఎంత చక్కగా పూడ్చిన నంత యపకారము. చెడ్డ కవి పూడ్చిన చిల్లును పండితుడు వెంటనే పట్టుకొనును. మంచి కవి పూడ్చినది ఎన్నటికిని దొరకదు.

పూనాలోని భండార్కరు సంస్థవారు 1919లో మొదలుపెట్టి 1966 నాటికి ముగించిన మహాభారత సంశోధిత ముద్రణమును చూచినవారికి తెలియును. ఎన్నియో వ్రాతప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించిరి. అయినను నిర్ణయము సందేహాస్పదముగా నున్నచోట ఆ యక్షరముల క్రింద అలవంటి గీత యొకటి గీసిరి. నేను విద్యార్థిగా నున్నప్పుడు ఆ గీతలు ముద్రణాలయపు తప్పులనుకొంటిని. మా గురువుగారు నవ్వి, పుస్తకమున కంతటికిని ఆ గీతలే నగలనిరి. అంత శ్రమపడిన పండితులు "ఇది మాకు నిశ్చయము కాదు" అని ప్రతి పుటలోను ఒప్పుకొనుటకు సంకోచింపలేదు. ఆ గీత గోడల క్రింద గీయుటకు నేటి శిల్పమునకు కష్టమేమి? ఊహించిన భాగమును వేఱురంగున చూపుట కంప్యూటరునకు క్షణము పని యని మా మేనల్లుడే చెప్పెను. చేయకుండుటకు కారణము చేతకాకపోవుట గాదు. గీతలున్న యిల్లు చూచుటకు బాగుండదు.

మన దేశమునందే దీనికి మంచి దృష్టాంత మున్నది. అమరావతి స్తూపపు చలువరాతి పలకలను జనులు కట్టుబళ్లకు తీసికొనిపోవుచు, సున్నమునకు కాల్చుచున్న దినములలో, కల్నల్ మెకంజీ 1816 మొదలుకొని తన పటకారులచే వానిని గీయించెను. ఆ పలకలలో కొన్ని లండనులోను, కొన్ని మద్రాసు మ్యూజియమునను ఉన్నవి. కొన్నిటికి ఆ పటములు తప్ప వేఱు జాడ లేదు. విఱిగిన పలకను ఆ పటకారులు విఱిగినట్లే గీసిరి. శిల్పము అంచున తెగిపోయినచో, గీత కూడ నచ్చటనే తెగిపోవును. వారిలో చిత్రలేఖనము తెలిసినవారుండిరి. తక్కిన సగమును పూర్తిచేయుట వారికి చేతకానిది కాదు. చేయలేదు గనుకనే రెండువందల యేండ్ల తరువాత మన మా పటమును నమ్ముచున్నాము.

ఇచ్చట న్యాయమైన యాక్షేపణ యొకటి గలదు. అమరావతి జాతిధనము, మా యిల్లు మా సొంతము. కుటుంబము తన ముచ్చటకై చేయించుకొన్న బొమ్మకు శాస్త్రనియమములేల? పెండ్లిఫోటోలో ముఖముపై మచ్చను చెఱిపించుకొన్నవానిని ఎవరైన తప్పుపట్టుదురా? మా యక్కయ్య యీ మాటనే తన ధోరణిలో చెప్పెను: "పోనీలేరా, పిల్లవాడు కష్టపడి చేశాడు. మామ్మ గది ఇప్పుడెందుకు? పిల్లలు చూస్తే ఏమిటని అడుగుతారు. ఏమని చెబుతావు?"

ఆమె మాటలో ప్రేమయే గాని కపటము లేదు. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. తరువాత ఆలోచింపగా తోచినది, ఆమె ప్రశ్నలోనే సమాధాన మున్నదని. పిల్లలు అడుగుదురు, అడుగవలసినదే. మచ్చ నాదైనచో చెఱిపించుకొను హక్కు నాది. ఆ గది మా మచ్చ కాదు, మామ్మ జీవితము. ఆమెకు బిడ్డలు లేరు, ఆస్తి లేదు, మా వంశవృక్షపు పటములో పేరు లేదు. ఆఱడుగుల నాలుగంగుళముల వెడల్పుగల యా గది యొక్కటియే యీ లోకమున ఆమె ఉండెననుటకు గుఱుతు. దానిని యంత్రము తెలియక చెఱిపినది. తెలిసిన తరువాత దానిని అట్లే యుంచువాడను నేను. కర్త లేని యసత్యమునకు బాధ్యు డెవరని పైన నడిగితిని. దానిని మొదట గుర్తించినవాడే బాధ్యుడు.

వేలకొలది యిండ్లను చూచి నేర్చిన యంత్రము వేలిండ్లలో నున్నదానినే నమ్మును. నూటికి తొంబదితొమ్మిదిండ్లలో లేనిది దానికి లేనట్లే. సంఘము కూడ దీనికంటె భిన్నముగా నడచినదా? తాతల చరిత్రలు వ్రాయించుకొన్న మన కుటుంబములలో ఎన్నింట ఇట్టి గది పేరు కనబడును? తాతగారి దానధర్మములుండును, వేదపాఠశాలకిచ్చిన యెకరములుండును, సావిడిలో భోజనము చేసిపోయిన ప్రముఖులుందురు. అద్దములో మొలిచిన సావిడివలె, జరుగని వైభవములు కూడ కొన్ని చేరును. వంటయింటి వెనుక నున్నది మాత్రము తెల్లగోడయే. యంత్రము మనకు క్రొత్తగా నేర్పిన దుర్గుణ మేమియు లేదు. మనము తరమునకు తరము నెమ్మదిగా చేసెడిపనిని అది క్షణములో చేయుచున్నది, అంతే.

నా యభిప్రాయము విని మా మేనల్లుడు మాఱుపలుకలేదు. "దానికేముంది మావయ్యా, గది ఎలా ఉండేదో నువ్వు చెప్పు. పది నిమిషాల్లో పెట్టేస్తాను" అనెను. నాకు సంతోషమైనది. కన్నులు మూసికొని చెప్పసాగితిని: నులకమంచము, గోడలో గూడు, గూటిలో రామాయణపు పుస్తకము, తూర్పున మూడు ఇనుపకమ్ముల కిటికీ. మా యక్కయ్య మధ్యలో నడ్డము వచ్చి, కిటికీ తూర్పున కాదు, నూతివైపు దక్షిణమున ననెను. మామ్మ అందులోనుండి తనకు జామపండ్లందించెడిదని ఆమె కింకను జ్ఞాపకమట. నాకును జామపండ్లు జ్ఞాపకమే; కాని తూర్పునుండి. ఇద్దఱము కొంతసేపు వాదించుకొంటిమి. పిల్లవాడు చేయి మౌసుపై నుంచి, ఇటు నన్ను అటు వాళ్లమ్మను చూచుచుండెను.

అప్పుడు నాకు సిగ్గైనది. యంత్రమునకు ఇంత తర్కము చెప్పిన నేను చేయబోవుచున్నదేమి? నాలుగు జ్ఞాపకముల నడుమనున్న చిల్లులను, ఇట్టి గదికి సాధారణముగా నేమి యుండునో దానితో పూడ్చుచున్నాను. గదికి కిటికీ యుండునుగదా యని యొక కిటికీ. కమ్ములుండునుగదా యని మూడు కమ్ములు. ఆ పని వద్దంటిని.

కడపట మేము చేసినదిది. అద్దము వలన మొలిచిన సావిడిని తుడిపించితిమి. యంత్రము ఊహించిన భాగములన్నిటికిని కావిరంగు వేయించితిమి. ఇంటిలో నాలుగవవంతు ఎఱ్ఱబడినది, చూచుటకు బాగుగా లేనిమాట నిజమే. వంటయింటి వెనుకనున్న యాఱడుగుల గోడను తీసివేయించితిమి. అచ్చట నిప్పు డేమియు లేదు, నల్లని చోటు. దానిపై మామ్మ పేరును, 1926 మొదలు 1991 వఱకు అను సంవత్సరములను వ్రాయించితిమి. డల్లాసునుండి పిల్ల యడుగనే యడిగినది. వాళ్ల నాన్న ఒక గంటసేపు చెప్పెనట.

మా యమ్మగారికి డెబ్బదేండ్లు దాటినవి. ఆమె యీ వాదములలో నెన్నడు కలుగజేసికొనలేదు. ఆ యింటికి కోడలై వచ్చినది మొదలు మామ్మ పోవువఱకు, పదునాఱేండ్లు, మధ్యాహ్నము ఆ గదికి విస్తరి తీసికొనిపోయిన దామెయే. సరిచేసిన ప్రతిరూపమును ఆమెకు చూపితిమి. అరుగు, సావిడి, మండువా దాటించి, పెరటిపంచకు తీసికొనిపోయి, ఆ నల్లని చోటు ముందు నిలిపితిమి. ఆమె కండ్లజోడు సవరించుకొని చాలసేపు దానివంక చూచినది.

"కిటికీ తూర్పునా, దక్షిణమునా అమ్మా?" అని నేనడిగితిని.

"దానికి కిటికీ లేదురా" అనెను. "ఎప్పుడూ లేదు."